సింగపూరులో కాపురం

దేశం విడిచి వచ్చిన తెలుగు ఇల్లాలిని స్వగ్రామం వాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే రెండు. ఒకటి, "అక్కడ నీకు తిండి సరిగ్గా దొరుకుతోందా?" రెండోది, "ఎప్పుడు తిరిగి వచ్చేస్తారు?" మేము సింగపూరులో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళయింది. మొదటి ప్రశ్నకు జవాబు ఎంతసేపు చెప్పమన్నా చెబుతాను. రెండోది వచ్చేసరికి మటుకు, ఫోనులో మాట సరిగ్గా వినిపించడం లేదని చెప్పి తప్పించుకునేవాళ్ళే మాలో ఎక్కువ. ఈ రెండు ప్రశ్నల మధ్యా మా రోజులు ఎలా గడుస్తున్నాయో తెలుగునాట వున్న అక్కచెల్లెళ్ళకు చెబుదామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

"ఇంతకీ సింగపూరు వూరా, దేశమా?" అని మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు అడిగారు. రెండూను! మలయా ద్వీపకల్పం కొసన, సుమారు 735 చదరపు కిలోమీటర్ల నేల. తూర్పు చివర నుంచి పడమటి చివరకు యాభై కిలోమీటర్లు. అందులో 60 లక్షల జనం. 1965 ఆగస్టు 9 నుంచి స్వతంత్ర దేశం. చీనావాళ్ళు ఎక్కువ, ఆ తరువాత మలయ్ వాళ్ళు, ఆ తరువాత మనవాళ్ళు. మలయ్, చీనా, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలే. గడియారం మీకంటే రెండున్నర గంటలు ముందు. మీరు ఆరున్నరకు కాఫీ పెట్టుకుంటూ వుండగా మాకు తొమ్మిది కొట్టేస్తుంది.

వెనకటి రోజుల్లో ఇక్కడికి రావాలంటే మద్రాసు రేవులో 'రాజులా' అనే స్టీమరు ఎక్కేవారట. 1926 నుంచి 1973 దాకా తిరిగిందా ఓడ. డెక్కు మీద చాపలు పరుచుకుని, ట్రంకుపెట్టెల మీద తలలు పెట్టుకుని, రోజుల తరబడి సముద్రం మీద వచ్చిన ఆ జనానికీ, హైదరాబాదులో విమానమెక్కి నాలుగు గంటల్లో దిగిన మాకూ పోలికేమిటి అనుకునేదాన్ని. తొమ్మిదేళ్ళు గడిచాక పోలిక లేకపోలేదనిపిస్తోంది.

ఒకే అరుగు మీద

మేము వుండేది ప్రభుత్వ గృహనిర్మాణ మండలి కట్టిన అంతస్తుల ఇళ్ళలో. 1960లో ఈ మండలి ఏర్పడినప్పుడు వూళ్ళో చాలామంది ఇరుకు గదుల్లోను, తాటాకు పాకల్లోను వుండేవారట. ఇప్పుడు స్థిరనివాసుల్లో నూటికి డెబ్బై అయిదుగురికి పైగా ఈ ఇళ్ళలోనే కాపురం. కొన్నవారికి తొంభైతొమ్మిదేళ్ళ హక్కు. మాబోటి పరాయివాళ్ళం, కొన్నవారి దగ్గర అద్దెకు వుంటాం.

ఇందులో ఒక విశేషం చెప్పాలి. 1989లో పెట్టిన నియమం ప్రకారం, ఏ బ్లాకులోనూ ఒకే జాతివాళ్ళు గుంపుగా చేరడానికి వీల్లేదు. ఇంత వంతు చీనావాళ్ళు, ఇంత వంతు మలయ్ వాళ్ళు, ఇంత వంతు భారతీయులూ ఇతరులూ అని పరిమితి. అంచేత మా అంతస్తులో ఒక గుమ్మం ముందు అగరువత్తులు వెలుగుతూ వుంటాయి, పక్క గుమ్మం ముందు రంజానుకు దీపాల తోరణం, మా గుమ్మం ముందు ముగ్గు. ఎదురింటి చీనా ముసలమ్మ కనపడినప్పుడల్లా "తిన్నావా?" అని పలకరిస్తుంది. మా అత్తయ్యగారికి ఇది ఎంత నచ్చిందో! "మన 'భోంచేశారా' లాంటిదే కదటే! మర్యాద తెలిసిన మనిషి" అన్నారు. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి బొత్తిగా రాదు. అయినా రోజూ సాయంత్రం అరగంటసేపు లిఫ్టు దగ్గర ఇద్దరూ మాట్లాడుకునేవారు.

చాలా బ్లాకులకు కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు. గోడలుండవు, స్తంభాలే. పెద్ద అరుగనుకోండి. పిల్లలు ఆడుకునేదీ, ముసలివాళ్ళు చదరంగం పెట్టుకునేదీ అక్కడే. ఒక శనివారం ఆ అరుగు మీద మలయ్ వాళ్ళ పెళ్ళి. బంగారు రంగు గుడ్డలు, డప్పులు, బిర్యానీ వాసన. తరువాతి వారం అదే చోట తెల్లటి గుడ్డలు కట్టి, ఒక చీనా పెద్దాయన శవపేటిక పెట్టి, అయిదు రాత్రులు జాగారం చేశారు. అత్తయ్యగారు కిటికీలోంచి చూసి, "పెళ్ళీ చావూ ఒక్క అరుగు మీదేనా!" అని ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి, "మన వూళ్ళో మటుకు వీధి ఒకటే కదూ! పల్లకీ వెళ్ళేదీ ఆ వీధినే, పాడె వెళ్ళేదీ ఆ వీధినే" అని తనే సర్దుకున్నారు.

చెయ్యిరుమాలు కాగితం చేసిన రాజ్యం

ఇక తిండి సంగతి. ఈ వూళ్ళో వంటిల్లు లేకుండా కాపురం చెయ్యవచ్చు. చీనా ఇళ్ళల్లో చాలామంది రోజుకొక పూటైనా బయటే తింటారు. అందుకోసం వున్నవే హాకర్ సెంటర్లు. ఒకే కప్పు కింద ఇరవై నుంచి వందా రెండువందల దాకా చిన్న చిన్న అంగళ్ళు. మధ్యలో బల్లలు. ఒక్కో అంగట్లో ఒకటో రెండో పదార్థాలే. కోడిమాంసం అన్నం చేసేవాడు జన్మంతా అదే చేస్తాడు, నూడిల్సు వేయించేవాడు జన్మంతా నూడిల్సే వేయిస్తాడు. అంచేతనే ఆ రుచి. నాలుగైదు డాలర్లిస్తే కడుపు నిండుతుంది.

ఈ అంగళ్ళవాళ్ళు ఒకప్పుడు కావిళ్ళు భుజానికెత్తుకుని వీథుల్లో అమ్మేవారు. ఒక బుట్టలో కుంపటి, ఒక బుట్టలో గిన్నెలు. కాలవల్లో ఎంగిళ్ళు, ఈగలు, రోగాలు. 1970 తరువాత ప్రభుత్వం వాళ్ళకోసం కొళాయి, కాలవ, కరెంటు వున్న ఈ సెంటర్లు కట్టి, 1986 నాటికి వీథుల్లోని వాళ్ళందరినీ అందులోకి తెచ్చింది. తరిమెయ్యలేదు, చోటిచ్చింది. ఇప్పుడు వూళ్ళో ఇటువంటివి నూటపదికి పైగా వున్నాయి. 2016లో రెండు అంగళ్ళకు, పెద్ద పెద్ద హోటళ్ళకిచ్చే మిషెలిన్ నక్షత్రం వచ్చింది. 2020 డిసెంబరులో యునెస్కోవారు ఈ తిండి సంప్రదాయాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చారు.

ఇక్కడ తినడానికి కొన్ని మర్యాదలున్నాయి. మధ్యాహ్నం వేళ బల్ల దొరకడం గగనం. ముందు బల్ల మీద చేతులు తుడుచుకునే కాగితాల పొట్లం ఒకటి పెట్టాలి. అంతే, ఆ బల్ల మీది. లక్షల జీతగాడైనా ఆ పొట్లం తీసి కూర్చోడు! మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టన్నమాట. కాకపోతే ఇక్కడ తువ్వాలు తీసేవాడు లేడు, తగూ లేదు. తిన్నాక పళ్ళెం మనమే తీసి అరల దగ్గర పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇది చట్టమే. మొదటిసారి హెచ్చరిక, తరువాత జరిమానా. ఆ అరలు కూడా రెండు రకాలు. ముస్లిములు తినే హలాల్ పళ్ళేలకు ఒకటి, తక్కినవాటికి ఒకటి. ఎవరి ఎంగిలి ఎక్కడ కలవకూడదో ఇంత పట్టింపుగా చూసే వూరు చూసి మా అత్తయ్యగారు సంతోషించారు.

కాఫీ అడగడం ఒక విద్య. 'కోపీ' అంటే గట్టిపాలు పోసి తియ్యగా ఇస్తాడు. 'కోపీ ఓ' అంటే పాలు లేకుండా పంచదారతో. 'కోపీ సీ' అంటే డబ్బాలోని చిక్కపాలతో. చివర 'కొసొంగ్' చేరిస్తే పంచదార వుండదు. మలయ్ భాషలో ఆ మాటకు 'ఖాళీ' అని అర్థం. గింజలు పంచదారతోను, వెన్నలాంటి కొవ్వుతోను కలిపి నల్లగా వేయించి, పొడిని పొడుగాటి గుడ్డసంచీలో పోసి వడగడతారు. మన ఫిల్టరు కాఫీకి పినతల్లి బిడ్డ అనవచ్చు గాని, తోబుట్టువు మటుకు కాదు.

చేప కాని చేప

మాంసం తినేవారికి ఈ వూరు స్వర్గం. శాకాహారులకు స్వర్గద్వారం దగ్గర కొంచెం విచారణ జరుగుతుంది. చెరువుగట్ల మీద పెరిగే మన తూటికూరను ఇక్కడ కంగ్‌కొంగ్ అంటారు. అంగట్లో ఆ వేపుడు చూసి అత్తయ్యగారు, "అయ్యో, మన తూటికూరే!" అని ముచ్చటపడ్డారు. తీరా అడిగితే తాళింపులో రొయ్యలు పులియబెట్టి దంచిన ముద్ద వుంది. ఆకుకూరేగదా అని పళ్ళెం అందుకోరాదు. అన్నం, పులుసు, పచ్చడి దేనిలోనైనా సముద్రం ఒక చెంచాడు వుండే వుంటుంది.

అందుకని బౌద్ధుల శాకాహార అంగడికి తీసుకువెళ్ళాను. పళ్ళెంలో ఏముంది? ఒక చేప! తోలూ, చారలూ అన్నీ వున్నాయి. పక్కన బాతుమాంసం ముక్కలు. అత్తయ్యగారు నాలుగడుగులు వెనక్కి వేసి, "అమ్మాయీ, శాకాహారమని చెప్పి ఇదెక్కడికి తీసుకొచ్చావే!" అన్నారు. అదంతా సోయాగింజల పాలతో చేసిన ముద్ద, గోధుమ జిగురు, తోలు అనుకున్నది నాచు అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అంగడి ముసలాయన నవ్వుతూ వచ్చి, ఉల్లి లేదు, వెల్లుల్లి కూడా లేదు అని సైగలు చేసి చూపించాడు. నిష్ఠగల చీనా బౌద్ధులు అవి ముట్టరు. ఆవిడ నిర్ఘాంతపోయి, "కార్తీకమాసంలో మనమే ఇంత నిష్ఠగా వుండం. ఇంత నిష్ఠగల మనిషికి చేప ఆకారం మీద ఆ మమకారమేమిటే?" అన్నారు. చివరకు పుట్టగొడుగులూ, క్యాబేజీ, అన్నమూ తిన్నారు. చేపను మటుకు మావారు తినేవరకూ అటువైపు చూడలేదు.

ఆవిడకు నిశ్చింతగా భోజనం దొరికింది సెరంగూన్ రోడ్డులోని కోమల విలాసులో. 1947 నుంచీ వున్న శాకాహార హోటలు అది. అరటాకు, సాంబారు, పెరుగు. అక్కడ కూర్చున్నాక ఆవిడ మొహంలో విమానం దిగిన తరువాత మొదటిసారి ప్రశాంతత కనిపించింది.

ఒక్క దిగులుమాట కూడా చెప్పాలి. ఈ హాకర్లలో చాలామంది అరవై దాటినవాళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడి, ఆ డబ్బుతో పిల్లల్ని చదివించారు. చదువుకున్న పిల్లలు చల్లటి ఆఫీసుల్లో కూర్చున్నారు. పొయ్యి దగ్గరకు రారు, రమ్మని తల్లిదండ్రులూ అనరు. మా పేటలో నూడిల్సు వేయించే ముసలాయన కిందటేడు అంగడి మూసేశాడు. కొడుకు ఇంజనీరు. "వాడికి నేర్పలేదా అంకుల్?" అని అడిగాను. "నేర్చుకోకూడదనే కదా ఇంత కష్టపడ్డాను!" అన్నాడు. మన వూళ్ళో మగ్గం దించేసిన నేతగాడి ఇంట్లో, సారె అటకెక్కించిన కుమ్మరి ఇంట్లో వినే మాటే ఇది.

ఆదివారం సెరంగూన్ రోడ్డు

సొంత కారు ఇక్కడ మధ్యతరగతివారికి అందని పండు. కారు ధర వేరు, అది పదేళ్ళు రోడ్డు మీద తిరగడానికిచ్చే అనుమతి పత్రం ధర వేరు. ఆ పత్రాన్ని వేలం వేస్తారు. ఈమధ్య సంవత్సరాల్లో ఆ కాగితమొక్కటే లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. అంచేత అందరమూ రైలే. 1987 నవంబరులో మొదలైన ఈ నగర రైలు ఇప్పుడు వూరంతా అల్లుకుపోయింది. కొన్ని మార్గాల్లో నడిపే మనిషి కూడా లేడు. రైల్లో తిన్నా, మంచినీళ్ళు తాగినా అయిదువందల డాలర్ల దాకా జరిమానా. పనసపండును పోలిన డురియన్ పండుకు రైల్లో ప్రవేశమే లేదు. దాని వాసన తెలిసినవారు ఆ నియమం ఎందుకని అడగరు!

ఆదివారం వస్తే లిటిల్ ఇండియా స్టేషనులో దిగుతాం. టెక్కా బజారులో మునగకాడలు, దొండకాయలు, కరివేపాకు, అరటిపువ్వు దొరుకుతాయి. గోంగూర దొరికిన రోజు ఇంట్లో పండుగే. అదే రోడ్డులో 1855లో వెలిసిన శ్రీనివాస పెరుమాళ్ కోవెల. తైపూసానికి కావిళ్ళెత్తుకున్న భక్తులు బయలుదేరేది ఇక్కడినుంచే. 1975లో ఏర్పడిన తెలుగు సమాజంవారు ఉగాది చేస్తారు. వేపపువ్వు సంపాదించడం ఒక యజ్ఞం.

ఆదివారం సాయంత్రం ఆ వీథిలో అడుగు పెట్టడానికి చోటుండదు. ఓడల కార్ఖానాల్లోను, కట్టడాల మీద పనిచేసే కుర్రవాళ్ళు వారానికి దొరికిన ఒక్క సెలవుకూ అక్కడికి చేరతారు. తమిళులు, బెంగాలీలు, మనవాళ్ళూను. గడ్డి మీద కూర్చుని ఫోనులో ఇళ్ళకు మాట్లాడుతూ వుంటారు. మా అబ్బాయితో తెలుగులో మాట్లాడుతుంటే విని, శ్రీకాకుళం జిల్లా కుర్రవాడొకడు దగ్గరకొచ్చాడు. "అక్కా, మీదే వూరు?" అని మొదలు. మూడేళ్ళయిందట ఇంటికి వెళ్ళి. కూతురు పుట్టిన తరువాత చూడలేదు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. పని పర్మిట్టు మీద వచ్చినవారికి భార్యాబిడ్డలను తెచ్చుకునే వీలు లేదు. మావారిలాంటి ఆఫీసు ఉద్యోగులకు వుంది. ఒక్క విమానంలో వచ్చినా, ఒక్క భాష మాట్లాడినా, దిగేటప్పుడు చేతిలోవున్న కాగితాన్ని బట్టి బతుకులు రెండు దారులవుతాయి. ఆ కుర్రవాడు మా అబ్బాయికి చాక్లెట్టు కొనిపెట్టాడు. వద్దంటే వినలేదు.

పన్నెండో మనిషి కోసం

సెలవు రోజుల్లో సాహసయాత్రలు కూడా చేస్తూ వుంటాం. వూరికి ఈశాన్యాన పులావ్ ఉబిన్ అనే చిన్న దీవి వుంది. చాంగీ రేవులో మరపడవ ఎక్కాలి. ఇంత గడియారం పిచ్చిగల దేశంలో ఆ పడవకు మటుకు వేళ లేదు. పన్నెండుమంది చేరితేనే కదులుతుంది. మేము వెళ్ళిననాడు పదకొండుగురం చేరి, పన్నెండో మనిషి కోసం ముప్పావుగంట దారి చూశాం. చివరకు సైకిలు తోసుకుంటూ ఒక ముసలాయన వచ్చేసరికి, పెళ్ళికొడుకు వచ్చినంత సంబరంగా అందరూ చప్పట్లు కొట్టారు! అవతల గ్రానైటు గనుల గుంటల్లో నీలపు నీళ్ళు, మడ అడవులు, రేకుల ఇళ్ళు, రోడ్డుకడ్డంగా పోయే అడవిపందులు. మా అబ్బాయి మట్టిరోడ్డు చూసింది అక్కడే. "అమ్మా, తాతగారి వూరులా వుంది" అన్నాడు.

ఉత్తరాన కిలోమీటరు పైచిలుకు పొడుగున్న కట్ట దాటితే మలేషియా. 1924లో కట్టిన వారధి అది. శుక్రవారం సాయంత్రం ఆ కిలోమీటరుకు రెండు మూడు గంటలు కూడా పట్టవచ్చు. మన డాలరుకు అవతల మూడు రింగిట్లకు పైన వస్తాయి గనుక వూరు వూరంతా అటు బజారుకు పరుగెడుతుంది. అవతల పెట్రోలు చవక. అందుకని ఇక్కడి కారు సరిహద్దు దాటాలంటే టాంకీ ముప్పావు వంతు నిండి వుండాలని చట్టం!

కిందటి సెలవులకు ఇంకా పైకి వెళ్ళాం. కౌలాలంపూరు దగ్గర బాటు గుహల్లో 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూసి, అక్కడినుంచి పెరాక్ రాష్ట్రంలోని తెలుక్ ఇంతాన్ వెళ్ళాం. 1885లో కట్టి, నేల కుంగి ఒక పక్కకు ఒరిగిన గడియార స్తంభం ఆ వూళ్ళో వుంది. అందరూ దాన్ని చూడ్డానికి వెళ్తారు. మేము వెళ్ళింది మనవాళ్ళకోసం. తెల్లవాళ్ళ కాలంలో రబ్బరు తోటల్లోను, కొబ్బరి తోటల్లోను పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి ఆ చుట్టుపక్కల పల్లెల్లో వుంది. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నది వీళ్ళే. ఇప్పుడది మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయంటే ఈ తోటల చెమట వున్నదందులో.

ఒక కొబ్బరితోట పక్కన డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన ఇంట్లో మజ్జిగ తాగాం. ఆయన పుట్టింది మలయాలోనే. విశాఖపట్నం వైపునుంచి వచ్చింది వాళ్ళ తాత. ఈయన ఆ గడ్డను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆయన మాట్లాడిన తెలుగు మా నాయనమ్మ మాట్లాడిన తెలుగు. సంఘంవారి బడిలో రాత్రిపూట అక్షరాలు నేర్చుకున్నాడట. "మనవలకు వస్తుందా తాతగారూ?" అని అడిగాను. "రాక చస్తుందా! మలయ్ నేర్చుకోండి, ఇంగ్లీషు నేర్చుకోండి, గడపకు అవతల మీ ఇష్టం. గడపకు ఇవతల నా ఇష్టం అన్నాను" అన్నాడు. వెనకాల నిలబడ్డ మనవరాలు నవ్వి, "ఔనండి, తెలుగులో అడగందే అన్నం పెట్టరు" అంది చక్కటి తెలుగులో. ఆ మాట విని మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

రెండో ప్రశ్న

ఎందుకంటే, మా అబ్బాయి చదివే ఇక్కడి బళ్ళో ఇంగ్లీషుతోపాటు మాతృభాష అని ఒక పాఠం విధిగా వుంటుంది. భారతీయుల పిల్లలకు తమిళం వుంది. తమిళులు కానివారికి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఈ అయిదూ వున్నాయి. వాటిలో తెలుగు లేదు. అంచేత బడి కాగితంలో మా వాడి 'మాతృభాష' హిందీ! తల్లిని నేను పక్కనే వున్నాను, నా భాష మటుకు ఆ కాగితంలో లేదు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, చిన్న దేశం, ఎన్ని భాషలని పెడుతుంది? పెరాక్ నుంచి వచ్చిన దగ్గరనుంచి శనివారం శనివారం గంటసేపు నేనే పలక పట్టిస్తున్నాను. వాడు గునుస్తాడు. అయినా గుణింతాల దాకా వచ్చాం.

స్థిరనివాసం తీసుకుంటే పోదా అని మీరనవచ్చు. తీసుకోవచ్చు. కాని తల్లిదండ్రుల ద్వారా స్థిరనివాసి అయిన మగపిల్లవాడు పెద్దయ్యాక రెండేళ్ళు ఇక్కడి సైన్యంలో పనిచెయ్యాలి. ఈ దేశపు అన్నం తిని, ఈ దేశపు బళ్ళో చదివినవాడు ఈ దేశానికి రెండేళ్ళివ్వడం న్యాయమేనంటారు మావారు. నేనూ కాదనను. కాని పదేళ్ళ పిల్లవాడి తరఫున ఆ సంతకం పెట్టడానికి ఇద్దరికీ చెయ్యి రావడం లేదు. స్థిరనివాసం లేకపోతే ఉద్యోగం వున్నన్నాళ్ళే వుండడం. ఉద్యోగం పోయి పాసు రద్దయితే సాధారణంగా ముప్పై రోజుల గడువు. అంతలో మరొకటి దొరకాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి.

మా బ్లాకులోనే పన్నెండో అంతస్తులో రాజమండ్రివాళ్ళుండేవారు. ఏడేళ్ళ స్నేహం. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన్ను ఆఫీసులో పిలిచి, ఇక రానక్కర్లేదన్నారు. వాళ్ళ అమ్మాయికి అప్పుడే పరీక్షలు. ఆయన పగలంతా ఉద్యోగాలకు తిరగడం, ఆవిడ రాత్రంతా పెట్టెలు కట్టడం. ఉద్యోగం దొరికితే విప్పుదాం, లేకపోతే కట్టినవి కట్టినట్టుంటాయి అనేది. ఇరవై ఏడో రోజున వెళ్ళిపోయారు. సోఫా, బీరువా పైసా తీసుకోకుండా ఎవరికో ఇచ్చేశారు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు ఆవిడ కరివేపాకు కుండీ తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి, "వదినగారూ, దీన్ని మటుకు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదండీ" అంది. ఆ ఒక్కమాటే అంది. ఏడవలేదు.

అటువంటి కుండీలు మా వరండాలో మూడున్నాయి. మూడూ వెళ్ళిపోయిన ముగ్గురివి. నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతున్నాయేమోనని అధికారులు అప్పుడప్పుడు వచ్చి కుండీల కింద పళ్ళేలు ఎత్తి చూసి పోతూ వుంటారు. అందుకని రోజూ తుడిచి పెడతాను.

పోయిన నెలలో ఎదురు బ్లాకులోకి నరసరావుపేటనుంచి కొత్త దంపతులు దిగారు. ఆ అమ్మాయికి ఇంకా పెట్టెలు విప్పడం కూడా కాలేదు. లిఫ్టులో నా చేతిసంచీలోని మునగకాడలు చూసి పలకరించింది. "అక్కయ్యగారూ, ఇక్కడ కరివేపాకు ఎక్కడ దొరుకుతుందండీ?" అని మొదటిమాటే అడిగింది. సాయంత్రం మా అబ్బాయి చేత ఒక కుండీ వాళ్ళింటికి పంపించాను. కుండీ ఇచ్చి ఏమనాలో తెలుగులో రెండుసార్లు చెప్పించి మరీ పంపాను.